వాడకు ఎన్ని గంటల కరెంటు?

గత వేసవిలో ఒక రాత్రి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నా విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. ఉపకారవేతనం దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. వాడలోని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి అప్పటికి మూడు రోజులైంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్‌ను పగలు ఊళ్లోని కిరాణా కొట్టులో ఛార్జింగుకు పెట్టి తెచ్చుకున్నారు. ధ్రువపత్రాలు ఎక్కిస్తుండగా ఆ ఫోన్ కాస్తా ఆరిపోయింది. పక్కింటివారి ఫోన్ అడిగి తీసుకొని మాట్లాడుతూ ఆ అమ్మాయి అన్న మాట ఒక్కటే: ‘‘ఊళ్లో కరెంటుంది సార్, మా వాడలోనే లేదు.’’ తర్వాత గడువు పొడిగించారు కాబట్టి ఆమె చదువు ఆగలేదు. పొడిగించకపోయి ఉంటే, ఆమె నష్టపోయిన కారణం ఏ రికార్డుకూ ఎక్కేది కాదు. సకాలంలో దరఖాస్తు చేసుకోని అభ్యర్థుల జాబితాలో ఒక సంఖ్యగా మిగిలిపోయేది.

ఊళ్లో ఉంది, వాడలో లేదు. ఈ మాట తెలుగు నేల మీద కొత్తది కాదు. మంచినీళ్ల బావి గురించి, బడి గురించి, రోడ్డు గురించి మన పెద్దలు ఇదే మాట అన్నారు. ఇప్పుడు అది కరెంటు గురించి, కరెంటు మీద ఆధారపడిన ఇంటర్నెట్ గురించి వినబడుతోంది. తేడా ఏమిటంటే, బావి దగ్గర నిలబెట్టి అడ్డుకున్న మనిషి కళ్లకు కనబడేవాడు. ఇక్కడ అడ్డుకునే మనిషి కనబడడు. స్తంభం ఉంది, తీగ ఉంది, మీటరు ఉంది, ఆ ఊరికి ఇరవై నాలుగు గంటల సరఫరా ఉన్నట్టు కాగితమూ ఉంది. లేనిది వాడలో వెలుగు ఒక్కటే. ఈ లేమిని లెక్కలోకి రానివ్వని పద్ధతిలోనే కులం దాగి ఉందని నా వాదన.

ఒక ఊరికి విద్యుత్తు వచ్చిందని ఎప్పుడు చెప్పాలి? ఈ ప్రశ్నకు మన ప్రభుత్వాలు ఇచ్చుకున్న సమాధానాల చరిత్ర ఆసక్తికరమైనది. 1997కు ముందు, గ్రామ రెవెన్యూ సరిహద్దుల్లో ఏ అవసరానికి కరెంటు వాడినా ఆ గ్రామం విద్యుదీకరణ జరిగినట్టే. అంటే ఒక భూస్వామి పొలంలో ఒక్క మోటారు తిరిగితే చాలు, ఇళ్లన్నీ చీకట్లో ఉన్నా ఊరికి వెలుగొచ్చినట్టే. 1997లో ఆ నిర్వచనాన్ని మార్చి, జనం నివసించే ప్రాంతంలో కరెంటు వాడకం ఉండాలన్నారు. నివసించే ప్రాంతమంటే ఊరా, వాడా అన్నది మాత్రం చెప్పలేదు. 2004లో మూడోసారి మార్చినప్పుడు గానీ వాడ పేరు అందులోకి రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు, లైన్లు జనావాసంలోనూ, దళిత బస్తీ ఉంటే అక్కడా ఉండాలని. బడి, పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య కేంద్రం వంటి చోట్ల కరెంటు ఉండాలని. కనీసం పది శాతం ఇళ్లకు కనెక్షన్లు ఉండాలని ఆ నిర్వచనం చెప్పింది. దళిత బస్తీని విడిగా పేర్కొనాల్సి వచ్చిందంటేనే, అంతవరకు దానిని వదిలేసి లెక్కలు చెప్పుకున్నారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

దేశంలోని గ్రామాలన్నిటికీ విద్యుత్తు చేరిందని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. మణిపూర్‌లోని లీసాంగ్ ఆ జాబితాలో చివరి గ్రామం. అంతకు ఏడు నెలల ముందు మొదలైన సౌభాగ్య పథకం ఇంటింటికీ కనెక్షన్లు ఇచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. వాడల్లో కిరోసిన్ దీపాల కింద చదువుకున్న తరానికి ఆ బల్బు విలువ తెలుసు. అయితే ఈ లెక్కలన్నీ తీగ చేరిందా లేదా అన్న చోటే ఆగిపోయాయి. చేరిన తీగలో కరెంటు ఎన్ని గంటలుంటోందన్నది వేరే ప్రశ్న. గ్రామీణాభివృద్ధి శాఖ 2017-18లో జరిపిన మిషన్ అంత్యోదయ సర్వేలో, రోజుకు పన్నెండు గంటలకు మించి కరెంటు అందుతున్న ఇళ్లు 47 శాతమేనని తేలింది. 16 శాతం ఇళ్లకు ఒకటి నుంచి ఎనిమిది గంటలే అందుతోంది. తర్వాతి ఏళ్లలో సరఫరా మెరుగుపడింది, నిజమే. తెలుగు రాష్ట్రాల పరిస్థితి చాలా రాష్ట్రాల కంటే నయమన్నదీ నిజమే. కానీ సగటు మెరుగుపడినంత మాత్రాన చివరి ఇల్లు మెరుగుపడినట్టు కాదు.

కరెంటు ప్రయాణాన్ని ఒకసారి చూద్దాం. సబ్‌స్టేషన్ నుంచి 11 కేవీ ఫీడర్ బయలుదేరుతుంది. దానిమీద అక్కడక్కడా ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు లైన్లు వెళతాయి. మొదట ఊరికి లైను వేశారు. వాడకు తర్వాత ఎప్పుడో, ఉన్న లైనునే పొడిగించారు. అందువల్ల చాలా గ్రామాల్లో వాడ ఆ లైనుకు తోకలాంటిది. తీగ ఎంత పొడవైతే వోల్టేజీ అంత పడిపోతుంది. సాయంత్రం ఊళ్లో మోటార్లు, కూలర్లు, ఫ్రిజ్‌లు ఒక్కసారిగా నడిచేసరికి చివరి స్తంభం దగ్గర బల్బు ఎర్రబారుతుంది. వాడకు విడిగా ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చిన చోట అది తరచూ చిన్నది. ఇళ్లు రెట్టింపయ్యాయి, కాలనీలు పెరిగాయి, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం మాత్రం పెరగలేదు. ఎండాకాలం బరువు మోయలేక అది కాలిపోతుంది. ఇదంతా భౌతికశాస్త్రమే. కానీ తోక ఎక్కడుండాలో నిర్ణయించింది భౌతికశాస్త్రం కాదు.

ఇక లెక్కల సంగతి. సరఫరా విశ్వసనీయతను కొలవడానికి రెండు సూచికలున్నాయి. ఒక్కో వినియోగదారుడికి ఏడాదిలో సగటున ఎన్నిసార్లు కరెంటు పోయిందన్నది ఒకటి, మొత్తం ఎంతసేపు పోయిందన్నది రెండోది. ఈ సమాచారం ప్రధానంగా ఫీడర్ దగ్గర నమోదవుతుంది. ఫీడర్ నడుస్తోందంటే దాని కింది ఊళ్లన్నిటికీ సరఫరా ఉన్నట్టే లెక్క. వాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, ఫ్యూజు పోయినా, తీగ తెగినా ఫీడర్ మీటరుకు తెలియదు. నా విద్యార్థిని ఇంట్లో ఆ మూడు రోజులూ చీకటే, ఆ ఫీడర్ లెక్కలో మాత్రం సరఫరా నిరంతరాయమే. పైగా ఎన్ని నిమిషాలకు మించితే అంతరాయంగా పరిగణించాలో నిర్ణయించే వీలును 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు నియంత్రణ మండళ్లకు ఇచ్చాయి. అంటే ఆ పరిమితికి లోబడి వచ్చిపోయే కరెంటు అసలు అంతరాయమే కాదు.

బల్బుకు అది చిన్న విషయం కావచ్చు. ఇంటర్నెట్‌కు కాదు. కరెంటు అర నిమిషం పోయి వస్తే బల్బు వెంటనే వెలుగుతుంది. రూటర్ మాత్రం మళ్లీ మొదటినుంచి లేచి, నెట్‌వర్క్‌ను వెతుక్కుని, కలవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా ఆన్‌లైన్ పరీక్ష పేజీ మూసుకుపోతుంది, ఓటీపీ గడువు దాటుతుంది, నింపిన దరఖాస్తు చెరిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రారంభించిన ఫైబర్‌నెట్ తీగలను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఇంటిదాకా వచ్చిన ఆ గాజు తీగకు వెలుతురు మోయడానికి కరెంటు అక్కర్లేదు, కానీ దాని చివర ఉండే పెట్టెకు కావాలి. మొబైల్ డేటా ఉంది కదా అంటారు. టవర్‌కు కూడా కరెంటే ఆధారం. సరఫరా ఆగితే కొంతసేపు బ్యాటరీ, ఆ తర్వాత డీజిల్ ఉంటే జనరేటర్, అదీ అయిపోతే మౌనం. టవర్ నడుస్తున్నా, ఇంట్లో ఫోన్‌కు ఛార్జింగ్ లేకపోతే ఆ సిగ్నల్ ఎవరి కోసం?

కరోనా కాలం ఈ గొలుసును బట్టబయలు చేసింది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 శాతమే, కంప్యూటర్ ఉన్నవి నాలుగు శాతం పైచిలుకు. ఆ పునాది మీద 2020లో ఆన్‌లైన్ చదువులు మొదలయ్యాయి. ఫోన్లు లేని పిల్లల కోసం తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు ప్రసారం చేశారు. మంచి ఆలోచనే. కానీ టీవీకి కూడా కరెంటు కావాలి, పాఠం వచ్చే ఆ అరగంటలోనే కావాలి. వాడలో కరెంటు లేని అరగంటలో వెళ్లిపోయిన గణిత పాఠం మళ్లీ వాడకు రాలేదు. ఆ పిల్లలు ఇప్పుడు కళాశాలల్లో నా ఎదుట కూర్చుంటున్నారు. ఎక్కడ వెనుకబడ్డారో వారికి తెలుసు, ఎందుకు వెనుకబడ్డారో మార్కుల జాబితాలో ఉండదు. ఆ జాబితాను చూపించి ప్రతిభ గురించి ఉపన్యాసాలిచ్చేవారికి ఆ అరగంట సంగతి గుర్తుండదు.

బడులు మళ్లీ తెరిచారు, కానీ ప్రభుత్వం ఆన్‌లైన్‌లోనే ఉండిపోయింది. ఉపకారవేతనం, ప్రవేశ పరీక్ష దరఖాస్తు, కౌన్సెలింగ్‌లో కళాశాలల ఎంపిక, ఉద్యోగ ప్రకటన, హాల్‌టికెట్, రేషన్ కార్డు ఈకేవైసీ అన్నీ అక్కడే. ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫోటోతో మొబైల్ యాప్ హాజరును 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. మట్టి తవ్విన చేతుల కూలి సిగ్నల్ మీద, ఛార్జింగ్ మీద ఆధారపడేలా చేసిన నిర్ణయమది. భూమి లేనివారికి కూలి పని, ఆస్తి లేనివారికి చదువు, పలుకుబడి లేనివారికి పోటీ పరీక్ష. వాడ పైకి రావడానికి ఉన్న దారులు ఈ మూడే. మూడు దారులనూ ఇంటర్నెట్ గుండా మళ్లించి, ఆ ఇంటర్నెట్‌ను చివరి స్తంభానికి వేలాడదీశారు.

ఒకప్పుడు కరెంటు పోతే ఊరంతా పోయేది. ఊరి పెద్ద ఇంట్లో పంకా ఆగితే సబ్‌స్టేషన్‌కు కబురు వెళ్లేది. ఆ కబురు వల్ల వాడకూ మేలు జరిగేది. ఇప్పుడు ఊళ్లో స్తోమత ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయిన సంగతి ఆ ఇంటివారికి తెలియను కూడా తెలియదు. నమ్మకమైన సరఫరా అనేది ప్రజలందరి హక్కుగా ఉండాల్సింది పోయి, కొనుక్కోగలిగినవారి సొంత ఏర్పాటుగా మారింది. అడగగలిగిన గొంతు ఉన్నవారికి అడగాల్సిన అవసరం పోయింది. అవసరం ఉన్నవారి గొంతు వినేవారు లేరు. కులవ్యవస్థ పనిచేసే తీరు తెలిసినవారికి ఇది పరిచితమైన దృశ్యమే. కొందరు కష్టం నుంచి బయటపడగానే ఆ కష్టం అందరికీ తీరిపోయిందని ప్రకటిస్తారు.

మరమ్మతు విషయంలోనూ అంతే. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే నిబంధన పెట్టింది. పల్లెవాసి రెట్టింపు సేపు చీకట్లో ఉండవచ్చని చట్టమే అనుకున్నది, అది అలా ఉంచుదాం. ఆ 48 గంటలైనా ఎలా గడుస్తాయి? కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను జనమే ట్రాక్టర్ కట్టుకుని మరమ్మతు కేంద్రానికి తీసుకెళ్లే వింత ఆనవాయితీ మన గ్రామాల్లో ఉంది. అది సంస్థ బాధ్యత, సంస్థ ఖర్చు. అయినా ట్రాక్టర్ ఉన్నవారి ట్రాన్స్‌ఫార్మర్ త్వరగా తిరిగొస్తుంది. ట్రాక్టర్ లేని వాడ చందాలు వేసుకుంటుంది, లేదా ఎదురుచూస్తుంది. నిబంధనల ప్రకారం ఆలస్యానికి పరిహారం పొందవచ్చు. ఆ పరిహారం కోసం ఫిర్యాదు నంబరు, రసీదు, తేదీ, వెంటపడి తిరిగే ఓపిక కావాలి. రోజు కూలి వదులుకుని ఎవరు తిరుగుతారు?

ఇక్కడ తరచూ వినబడే ఒక ఎత్తిపొడుపు ఉంది. ‘మీకు ఉచితంగా వస్తోంది కదా, ఇంకా ఫిర్యాదెందుకు?’ ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తును 2019లో ప్రకటించారు. తెలంగాణలో 2024లో వచ్చిన గృహజ్యోతి అన్ని కులాల అర్హులైన కుటుంబాలకూ 200 యూనిట్ల వరకు వర్తిస్తోంది. ఈ ఉచితం డిస్కం చేసే దానధర్మం కాదు. 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం, రాయితీ ప్రకటించిన రాష్ట్ర ప్రభుత్వం ఆ మొత్తాన్ని పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలి. అంటే వాడలోని ఇంటి బిల్లును ప్రజాధనం చెల్లిస్తోంది. చెల్లింపు ప్రభుత్వం చేసినంత మాత్రాన ఆ ఇల్లు సగం వినియోగదారు అయిపోదు. ఉచిత కరెంటు పొందే రైతు సరఫరా సరిగా లేదని రోడ్డెక్కితే అది రైతు సమస్య అంటాం. వాడ అడిగితే మాత్రం కృతజ్ఞత లేదంటాం. ఈ తేడాకు కులం తప్ప మరో పేరు నాకు తెలియదు.

కరెంటుకు కులమేమిటని నవ్వేవారు ఉంటారు. నిజమే, కరెంటుకు కులం లేదు. లైను చివర ఉన్న పేద కమ్మ, రెడ్డి, కాపు, బ్రాహ్మణ కుటుంబానికీ బల్బు ఎర్రగానే వెలుగుతుంది. ఆ ఇంటి కష్టాన్ని నేను కాదనను. వాడ కోసం గంటలు లెక్కించడం మొదలుపెడితే ఆ ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. కానీ ఆ కుటుంబం లైను చివరన ఉండటం యాదృచ్ఛికం. వాడ లైను చివరన ఉండటం యాదృచ్ఛికం కాదు. ఊరికి దూరంగా ఉండాలన్న పాత శాసనం రద్దయినా, ఆ దూరం నేల మీద అలాగే ఉంది. ఆ నేల మీదనే స్తంభాలు నాటారు. ఎవరూ ద్వేషంతో నాటి ఉండకపోవచ్చు. ద్వేషం లేకుండా కూడా వివక్ష కొనసాగగలదు, దానికి నిర్లక్ష్యం చాలు. తండాలు, గూడేల్లో ఇది మరింత తీవ్రం. అడవి గుండా వచ్చే లైను మీద ఒక చెట్టు పడితే గూడెం మొత్తం ప్రపంచంతో తెగిపోతుంది.

డాక్టర్ అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగానే తలచుకుంటాం. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు విద్యుత్తు, జలవనరుల విధానాలు ఆయన చేతుల మీదుగా నడిచాయి. విద్యుత్తు చౌకగా, సమృద్ధిగా ఉండాలని, అది లేనిదే పారిశ్రామికీకరణ లేదని, పారిశ్రామికీకరణ లేనిదే ఈ దేశ పేదరికం పోదని ఆయన 1943లోనే వాదించారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది ఆ కాలంలోనే. విద్యుత్తును ఆయన సౌకర్యంగా కాక పేదరికం నుంచి విముక్తికి సాధనంగా చూశారు. అటువంటి ఆయన విగ్రహం ప్రతి వాడలోనూ ఉంది. ఆ విగ్రహం ముందున్న దీపం ఎన్ని గంటలు వెలుగుతోందో చెప్పే లెక్క మాత్రం లేదు.

న్యాయస్థానాలు తమ మాట చెప్పేశాయి. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యతాహక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటన చేసే, వృత్తి సాగించే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని 2020లో సుప్రీంకోర్టు అన్నది. డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణలోని జీవించే హక్కులో అంతర్భాగమని 2025 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం తేల్చింది. ఈ హక్కు ఆకాశంలో ఉండదు. అది ఒక ప్లగ్గులో, ఒక తీగలో, ఒక ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు హక్కు కూడా కాలిపోతుంది.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. మొదటిది, గంటలను ఫీడర్ దగ్గర కాదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లెక్కించాలి. కేంద్రం 2021లో తెచ్చిన పంపిణీ రంగ పథకంలో ట్రాన్స్‌ఫార్మర్లకు సమాచారం పంపే మీటర్లు బిగించడం ఒక భాగం. నష్టాలను పట్టుకోవడానికి వాడుతున్న ఆ మీటరు చీకటినీ పట్టుకోగలదు. రెండోది, వాడ, తండా, గూడెం వారీగా ఆ లెక్కలను ప్రతి నెలా పంచాయతీ కార్యాలయం గోడ మీద ప్రకటించాలి. ఏది వాడో తెలియదని చెప్పడానికి వీల్లేదు. రాయితీ ఇచ్చేటప్పుడు ఏ సర్వీసు నంబరు ఎస్సీ, ఎస్టీ కుటుంబానిదో గుర్తించారు. రాయితీకి తెలిసిన వాడ జవాబుదారీతనానికి తెలియకుండా పోదు. మూడోది, 48 గంటలు దాటిన ప్రతి అంతరాయానికీ ఎవరూ అడగకుండానే పరిహారం బిల్లులో జమ కావాలి. సున్నా బిల్లు వచ్చే ఇంటికి నగదుగా చేరాలి.

నాలుగోది, 2013 నాటి ఉమ్మడి రాష్ట్ర ఉప ప్రణాళిక చట్టం దళితులకు, వారి ఆవాసాలకు నేరుగా మేలు చేసే ఖర్చునే ఆ నిధుల కింద చూపాలన్నది. వాడలకు తగిన సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మర్లు, పొట్టి లైన్లు, బడికీ గ్రంథాలయానికీ సౌర విద్యుత్ బ్యాటరీలు ఇంతకంటే నేరుగా చేసే మేలు మరేముంటుంది? చివరిది, ఆన్‌లైన్ గడువు పెట్టే ప్రతి శాఖా, గడువు రోజున సరఫరా ఆగిన ఆవాసాల అభ్యర్థులకు దానంతటదే గడువు పెంచే ఏర్పాటు చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ లెక్క ఉంటే ఇది కష్టం కాదు. లేదంటే ప్రతిసారీ దయతలచి పొడిగించే అధికారి కోసం పిల్లలు ఎదురుచూడాల్సిందే.

వీటిలో ఏదీ విప్లవం కాదు. 2004లో వాడకు స్తంభం వెళ్లిందా అని అడగడం నేర్చుకున్నాం. ఇరవై ఏళ్ల తర్వాత, ఆ స్తంభానికి ఎన్ని గంటల కరెంటు వెళుతోందని అడగడం నేర్చుకోవాలి. నా విద్యార్థిని ఈ ఏడాది మూడో సంవత్సరంలోకి వచ్చింది. మళ్లీ దరఖాస్తు తేదీలు వస్తాయి. ఈసారి ముందే నింపేస్తానని, గడువు దాకా ఆగనని నాతో చెప్పింది. జాగ్రత్త మంచిదే. కానీ ఊళ్లోని పిల్లలకు ఆఖరి రోజు రాత్రి పన్నెండు దాకా ఉన్న గడువు, వాడ పిల్లకు మాత్రం ఒక వారం ముందే ఎందుకు ముగిసిపోవాలి?